డాక్టర్ సారు ఫోన్‌లో చెప్పిన మందు నేను ఇచ్చాను, ఇప్పుడు ఇవ్వమనలేదు అంటున్నారు

మేడారం_రోడ్డు_సిస్టర్:
అక్కలూ, సార్లూ, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి. ములుగు వైపు పల్లె దవాఖానలో (సబ్‌సెంటర్‌లో) ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే డాక్టర్ కాకుండా సెంటర్ చూసుకునే మిడ్‌లెవల్ హెల్త్ ప్రొవైడర్‌గా చేస్తున్నా, రెండేళ్లయింది. స్టాఫ్ నర్సుగా చేసి ఆరు నెలల బ్రిడ్జి కోర్సు మీద వచ్చినదాన్ని. పీహెచ్‌సీ 14 కిలోమీటర్లు. అక్కడి డాక్టర్ సారు వారానికోసారి వస్తారు, అదీ జిల్లాలో మీటింగు లేకపోతేనే. ఊర్లో అందరూ డాక్టరమ్మా అనే పిలుస్తారు, కాదని చెప్పి చెప్పి నోరు నొచ్చింది.

మొన్న ఒకాయన మిర్చి ఏరుతూ నెత్తి తిరుగుతుందని వచ్చి కూర్చున్నాడు. బీపీ 178/108. అరగంట కూర్చోబెట్టి మళ్లీ చూసినా అంతే. ఇంతకుముందు ఎప్పుడూ గోలీలు వేసుకోలేదు. సారుకు ఫోన్ చేస్తే బీపీ గోలీ ఆమ్లోడిపిన్ 5 ఇచ్చి పంపు, గురువారం నా దగ్గరికి రమ్మను అన్నారు. ఇచ్చాను. ఆయన గురువారం పోలేదు, మిర్చి పని ఉందట. వారానికి పొలంలో పడిపోతే హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, దేవుడి దయ. కానీ కొడుకు వచ్చి నువ్వు డాక్టరువా, గోలీలు ఎవరు ఇయ్యమన్నారు అని నలుగురిలో అడిగాడు. సారును అడిగితే, నేను పంపించమన్నా కానీ ఇవ్వమనలేదు అన్నారు. నా రిజిస్టర్‌లో సారు పేరు రాసి ఉంది, సంతకం లేదు. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు. తప్పు నాదేనా?

భీమారం_హెడ్‌సిస్టర్_రిటైర్డ్:
చెల్లె, మందు ఇవ్వడం కన్నా సంతకం లేకుండా ఇవ్వడం తప్పు. 31 ఏళ్లు వార్డులో చేశా. నోటిమాట ఆర్డర్ వస్తే టైమ్ రాయాలి, మందు పేరు, మోతాదు తిరిగి చదివి వినిపించాలి, పక్కన ఇంకో సిస్టర్ ఉంటే ఆమెను కూడా వినమనాలి, తెల్లారి రౌండ్‌లో కేస్‌షీట్ ముందు పెట్టి సంతకం అయ్యేదాకా కదలొద్దు. తర్వాత పెడతాలే సిస్టర్ అనే డాక్టర్లు మంచోళ్లే ఉంటారు, కానీ గొడవ వచ్చిన రోజు ఎవరికీ ఏమీ గుర్తుండదు. నీకు వార్డు లేదు, పక్కన సిస్టర్ లేదు, ఒక్కదానివే. అందుకే కాయితం ఇంకా గట్టిగా ఉండాలి.

పీహెచ్‌సీ_డాక్టర్_జనగామ:
నేనూ మెడికల్ ఆఫీసర్‌నే, మావాళ్లను వెనకేసుకురావడానికి రాలేదు. కానీ నా కింద ఆరు సబ్‌సెంటర్లు, పొద్దున ఓపీలో వందమంది, మధ్యలో ఫోన్. ఏం చెప్పానో సాయంత్రానికి నాకే గుర్తుండదు, నిజం.

ఇక రూలు సంగతి. బీపీకైనా షుగర్‌కైనా మందు మొదలుపెట్టేది మెడికల్ ఆఫీసర్. మొదలైన మందు నెలనెలా ఇవ్వడం, బీపీ చూడడం, తేడా కొడితే పంపడం మీ పని. మీరు ఇచ్చింది మొదటి గోలీ, అక్కడే చిక్కు. డాక్టర్ దూరం నుంచి మొదలుపెట్టకూడదా అంటే పెట్టవచ్చు. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల్లో హెల్త్ వర్కర్ దగ్గరున్న పేషెంటును డాక్టర్ చూడడం గురించి స్పష్టంగా ఉంది. అయితే డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్‌తో ప్రిస్క్రిప్షన్ ఇవ్వాలి, సంతకం చేసిన చీటీ ఫోటో పంపినా చెల్లుతుంది. ఉత్త ఫోన్ మాటకు విలువ లేదు. ఈ-సంజీవనిలో, అదే సర్కారు ఆన్‌లైన్ డాక్టర్ యాప్‌లో పెడితే చీటీ దానంతటదే వస్తుంది, సిగ్నల్ ఉంటే.

ఇంకోటి, కొందరు సిస్టర్లు 2019 ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) చట్టం సెక్షన్ 32 చూపించి మాకూ మందులు రాసే హక్కు ఉంది అంటుంటారు. అందులో ఉన్నది కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అనే పరిమిత లైసెన్సు. ప్రాథమిక, నివారణ వైద్యంలో కొన్ని మందులు సొంతంగా, మిగతావి డాక్టర్ పర్యవేక్షణలోనే. ఆ లైసెన్సు మీ చేతిలో ఉందా? లేకపోతే ఆ సెక్షన్ మిమ్మల్ని కాపాడదు.

హన్మకొండ_నుంచి_డాలస్:
వడ్డేపల్లి మాది, ఇక్కడ నర్స్ ప్రాక్టీషనర్‌గా, అంటే పైచదువు చదివి పేషెంట్లను చూసి మందులు రాసే నర్సుగా చేస్తున్నా. అమెరికాలో నర్సులే అన్నీ రాసేస్తారని మా అత్తమ్మ కూడా అనుకుంటుంది. టెక్సాస్‌లో అట్ల లేదు. ఒక డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఏ మందులు రాయొచ్చో అందులో ఉండాలి, నెలకోసారి కూర్చుని చార్టులు చూడాలి. ఒక్క డాక్టర్ ఏడుగురి దాకా ఇట్ల చూడొచ్చు. డాక్టర్ అదే బిల్డింగ్‌లో ఉండాలని లేదు. సొంత క్లినిక్ పెట్టుకున్నవాళ్లు ఆ సంతకం కోసం నెలనెలా డబ్బు కట్టేవాళ్లు కూడా ఉన్నారు, ఆ డాక్టర్ ముఖం చూసేది తక్కువే. అదే చదువుతో పక్కనున్న న్యూ మెక్సికోలో లైసెన్సు తీసుకుంటే డాక్టర్ ఒప్పందమే అక్కర్లేదు. రాష్ట్రం గీత దాటితే నా బుర్ర పెరుగుతుందా చెప్పండి.

కానీ చెల్లె, నాకున్నది నీకు లేనిది ఒకటే, ఆ ఒప్పందం కాయితం. ఏ బీపీకి నేను మందు మొదలుపెట్టొచ్చో, ఎక్కడ ఆగాలో ముందే రాసుకున్నాం. మీ సారుతో అట్లాంటిది ఒక పేజీ రాయించుకో.

కరీంనగర్_మిడ్‌వైఫ్:
డాలస్ అక్క చెప్పిన అట్లాంటి కాయితమే మా లేబర్ రూమ్‌లో గోడకు ఉంది. 2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ (నర్సులు కాన్పులు చేసే) ట్రైనింగ్ మొదలైంది, 18 నెలలు. రిస్క్ లేని కాన్పు మాది. బిడ్డ గుండె నిమిషానికి 110 కంటే తగ్గినా, ఉమ్మనీరు పచ్చగా వచ్చినా, తల్లి బీపీ పెరిగినా డాక్టర్ మేడమ్‌ను పిలవాల్సిందే, అక్కడ నా అనుభవం, నీ అనుభవం అని మాటల్లేవు. మొదట్లో మేడమ్ ప్రతిదానికీ వచ్చి నిలబడేవారు, మాకు ఊపిరాడేది కాదు. ఇప్పుడు పిలిస్తేనే వస్తారు, పిలిస్తే మాత్రం ఎందుకు పిలిచావని అడగరు. ఆ రెండోదే కష్టమైంది, దానికి ఏడాది పట్టింది.

డాక్టర్ సార్, ఒక మాట. గుర్తుండదు అన్నారు కదా. సిస్టర్‌కు గుర్తుంది, రిజిస్టర్‌లో రాసింది కూడా. మరి ఎవరి మాట చెల్లాలి?

పీహెచ్‌సీ_డాక్టర్_జనగామ:
న్యాయంగా అయితే రాసినామె మాటే. ఒప్పుకుంటున్నా.

మేడారం_రోడ్డు_సిస్టర్:
అందరికీ దండం. నిన్న ఫోన్ కాల్ లిస్ట్ చూస్తే ఆ రోజు 11:40కి సారుతో నాలుగు నిమిషాలు మాట్లాడినట్టు ఉంది, స్క్రీన్‌షాట్ దాచుకున్నా. కొడుకుకు రిజిస్టర్ చూపించా, చల్లబడ్డాడు, వాళ్ల నాయన గురువారం పోలేదన్న సంగతి అతనికే తెలియదట.

ఈరోజు ఇంకో కొత్త బీపీ కేసు వచ్చింది. సిగ్నల్ లేక ఈ-సంజీవని తిరుగుతూనే ఉంది. ఫోన్ చేసి, సార్ చీటీ మీద రాసి సంతకం చేసి వాట్సాప్ పెట్టండి, అప్పుడే ఇస్తా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నమ్మకం లేదా సిస్టర్ అన్నారు. లేదని అనలేదు, ఉందనీ అనలేదు. పావుగంటకు ఫోటో వచ్చింది. మందు పేరు, సంతకం బాగానే ఉన్నాయి, రిజిస్ట్రేషన్ నంబర్ మాత్రం బొటనవేలు కింద పడింది. మళ్లీ అడగమంటారా?