పిల్లలమర్రి సెట్టు: హాలువాళ్ళు పరదా వద్దంటున్నరు

దేవరకొండ:
అందరికీ నమస్తే. శనివారం పొద్దున 8కి హాలు తాళం ఇస్తరు. మన నాటకంల పాలమూరు పిల్లలమర్రి, అదే ఆ పెద్ద మర్రిచెట్టు, సెట్టుకు మిగిలిన పనులు: చెట్టు బొమ్మ పరదా ఎత్తుడు, రచ్చబండకు రంగు, మైకులు, 200 సమోసాలు, కుర్చీల నంబర్లు. ఎవరి పని ముందట వాళ్ళు టిక్కు పెట్టుండ్రి. ఇంకో సంగతి. హాలు నుంచి మెయిలొచ్చింది. పరదాకు, ఊడలకు ఎన్‌ఎఫ్‌పీఏ 701 సర్టిఫికెట్ (బట్టకు మంట పాకదని చెప్పే కాయితం) లేకుంటే లోపలికి రానియ్యరంట. స్టేజీ పైన లైట్లు కట్టే ఇనుప బార్లకు బయటి సామాను కట్టొద్దు, స్టేజీకి స్క్రూ కొట్టొద్దు.

నకిరేకల్:
అది ఇంకో సంగతి కాదన్నా, అసలు సంగతే అది. పరదా 30 అడుగుల వెడల్పు, 14 అడుగుల ఎత్తు. పాలమూరుల రాయించి విమానంల తెప్పించినం. ఊడలేమో 40 జనపతాళ్ళు. రెండూ పైకెళ్ళి వేలాడేటివే. రెండూ పోతే స్టేజీ మీద రచ్చబండ ఒక్కటే మిగుల్తది.

మిర్యాలగూడ:
మంట పాకకుండ కొట్టే మందు దొరుకుతది కదా. 420 చదరపు అడుగులు, రెండు గ్యాలన్లు తెచ్చి స్ప్రే కొడదం.

మహబూబ్‌నగర్:
తమ్మీ, జర ఆగు. అది పొడి రంగుల్ల సరేసు (జిగురు) కలిపి రాసిన పరదా. సరేసు ఎండినా సరే, నీళ్ళు తగిల్తే మల్ల కరుగుతది. మీరు చెప్పే మందు నీళ్ళల్ల కలిపిన ఉప్పు. అది పడంగనే జాజు ఎరుపు జారి ఆకుపచ్చల కలుస్తది. ఎనక నుంచి కొట్టినా నూలుబట్ట పీల్చుకుని ముందటికి తెస్తది. మందు పెట్టేదుంటే రంగుకు ముందే, ఉత్త బట్టకు పెట్టాలె. నమ్మకుంటే కింది అంచుల జానెడు మేర కొట్టి చూడుండ్రి.

కొల్లాపూర్:
కొట్టి చూసినం. ఆరినంక తెల్లగ ఉప్పు పూసింది, జాజు రెండించులు కిందికి దిగింది. అంచుల నుంచి అరించు వెడల్పు, నాలుగించుల పొడుగు పీలికలు రెండు కోసి, బయట పెరట్ల 12 సెకన్లు మంట చూపించినం. మందు లేనిది మొత్తం కాలింది. మందు కొట్టినది అగ్గిపుల్ల తియ్యంగనే ఆరింది. అంటే మందు పని చేస్తది, బొమ్మ పాడైతది. అయినా మన అగ్గిపుల్ల పరీక్ష వాళ్ళు ఒప్పుకోరు, కాయితమే కావాలె.

నకిరేకల్:
హాలు బుక్ చేసిననాడు రూల్స్ కాయితం ఎవరన్న చదివిండ్రా?

దేవరకొండ:
చదివిన, గుంపుల పెట్టిన కూడ. అండ్ల ‘స్థానిక ఫైరు నియమాలు పాటించాలి’ అని ఒక్క లైనున్నది. పరదా కొలతలు అడిగినప్పుడు ఎవరూ పలకలే, ఇప్పుడు అందరూ వకీళ్ళే.

నకిరేకల్:
సెట్టు చేసెటోళ్ళు ఫైరు రూలు కూడ చూడాలెనా? ఇగ హాలు నువ్వే చూసుకో, సెట్టు నువ్వే కట్టుకో.

కొల్లాపూర్:
లొల్లి సోమవారం పెట్టుకుందం. మంగళవారం దాకైనా పెట్టుకుందం. ఇప్పుడు పని చెప్పుండ్రి.

మిర్యాలగూడ:
పరదాను ఫోటో తీసి ప్రొజెక్టర్‌తోని వెనక తెల్ల తెర మీద వేస్తే?

కొల్లాపూర్:
మన దగ్గరున్నది 5000 ల్యూమెన్లది. 36 అడుగుల తెర మీద పరిచి, ముందట నటుల మీద లైట్లు వేస్తే బొమ్మ తెల్లగ మాసిపోతది. ముందట నుంచి వేస్తే ప్రతి నటుని నీడా మర్రిచెట్టు మీదనే.

మహబూబ్‌నగర్:
ఒక మాట. పిల్లలమర్రికి మొదలు ఏదో కనపడదు. దూరంకెళ్ళి పచ్చటి గుట్ట లెక్క ఉంటది, కిందికి పోతే నేల దిగి మానులైన ఊడలే. మూడెకరాల పైచిలుకు పాకింది. 2018ల చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిండ్రు, కొమ్మల కింద సిమెంటు స్తంభాలు నిలబెట్టిండ్రు. అంటే వేలాడే ఊడ లేకున్నా నడుస్తది. నేల మీద నిలబడ్డ ఊడలే చెట్టును చూపిస్తయి.

అచ్చంపేట:
అట్లయితే తొవ్వ దొరికింది. పెండ్లి డెకరేషన్ వాళ్ళ దగ్గర పైపులు, పరదాలు కిరాయికి దొరుకుతయి. పరదా అంచుకు ఫైరు ట్యాగు కుట్టే ఉంటది, సర్టిఫికెట్ నకలు కూడ ఇస్తరు. బార్ల జోలికి పోము, స్క్రూ జోలికి పోము.

నకిరేకల్:
మంచిగున్నది. 12 అడుగుల దాక లేచే నిలువు పైపులు ఏడు తీసుకో. పైపు కింది ప్లేటు 24 ఇంచులది అడుగు, 18ది ఆ ఎత్తుకు ఊగుతది. 4 అడుగుల పన్న పరదాలు గోధుమరంగువి ఏడు, బూడిదవి ఏడు. ఒక్కో పైపుకు రెండు రంగులూ కలిపి జడ లెక్క మెలిపెట్టి చుట్టాలె. ఉత్త గోధుమరంగు లైట్ల కింద మంచం కోడు లెక్క కనపడుతది, బూడిద కలిస్తేనే మర్రి బెరడు. మెలిపెడితే పొడుగు తగ్గుతది, అందుకని 14 అడుగుల పరదాలు అడుగు. నేల దగ్గర మిగిలిన గుడ్డను వేరు లెక్క విడదీసి ప్లేటును కప్పుండ్రి, కని నటులు నడిచే దిక్కు వద్దు, కాలు తట్టుకుంటది. కిరాయి పరదా మీద ఎవరూ రంగు స్ప్రే కొట్టొద్దు, ఆ సర్టిఫికెట్ ఇగ చెల్లదు.

ఏడింటినీ వరుసగ పెట్టకుండ్రి. ముందట రెండు దూరం దూరంగ, వెనక ఐదు దగ్గర దగ్గరగ, వెనకకు పోయినకొద్ది సన్నగ చుట్టుండ్రి. లోతు అట్లనే వస్తది. మొదటి వరుస చివరి కుర్చీల కూసోని చూడుండ్రి, రచ్చబండ మీది మనిషి ఊడ వెనకకు పోవద్దు.

కొల్లాపూర్:
ఆకులు లైట్లతోని తెస్త. హాలు సొంత తెల్ల తెరకు సర్టిఫికెట్ ఉన్నది, హాలు లైట్లే వాడుతున్నం కాబట్టి బార్ల గొడవ లేదు. ఆకుల గోబోలు (లైటుల పెట్టి నీడబొమ్మ వేసే కోత రేకులు) రెండు, 50 డిగ్రీల లెన్సులు రెండు. 20 అడుగుల దూరంకెళ్ళి ఒక్కోటి 18 అడుగుల పైచిలుకు పరుచుకుంటది, నడిమిట్ల ఎక్కిచ్చుకుంటే 30 అడుగులు నిండుతది. ఒకటి కొంచెం పదునుగ, ఒకటి మసకగ పెడత. రెండూ పదునుగుంటే చెట్టు కనపడదు, గోడకంటించిన కాయితం కనపడుతది. మొదటి బారు నుంచి ఏటవాలుగ కొడితే నటుల నీడలు నేల మీదనే పడతయి, అయినా తెరకు ఆరడుగుల ఇవతలనే ఉండమని చెప్పుండ్రి.

దేవరకొండ:
సమోసాలు ఎవరు చెప్పిండ్రు?

నకిరేకల్:
అన్నా, రచ్చబండ ప్లైవుడ్‌కు నువ్వే రా. బూడిద రంగు ఆరినంక బ్రష్షు వేలితో చిమ్మి నలుపు, తెలుపు చుక్కలు పడాలె, అప్పుడే నల్లరాయి. రాయి రాయికి పై అంచు తెల్ల గీత, కింది అంచు నల్ల గీత. కొల్లాపూర్ అక్క లైటు ఎడమ దిక్కుకెళ్ళి వస్తది కాబట్టి ఎడమ అంచు కూడ తెలుపే. నిలబెట్టెటందుకు వెనక త్రికోణం ఆనింపు, దాని మీద ఇసుక సంచి.

దేవరకొండ:
వస్త. నిన్నటి మాటలు పక్కకు పెట్టు.

అచ్చంపేట:
డెకరేషన్ ఆయన శుక్రవారం సాయంత్రం ఇస్తడు, సర్టిఫికెట్ నకలు హాలుకు పంపిన, ఒప్పుకున్నరు. ఊడలకు పైపుకు రెండు చొప్పున 25 పౌండ్ల సంచులు 14, అంటే 350 పౌండ్ల ఇసుక. 50 పౌండ్ల బస్తాలు ఏడు కొంటున్న. రచ్చబండకు మరో రెండు బస్తాలు. సంచులు బయట పార్కింగుల నింపుండ్రి, జిప్పు మీద టేపు చుట్టుండ్రి. స్టేజీ మీద ఇసుక పడితే డిపాజిట్‌ల కోస్తరు.