సాళ్లలో నీళ్లుండగానే పత్తి వాడిపోతోంది, ఎందుకు?

ప్రశ్న (రేగడి చేను):
పూత, కాయ దశ. పదిహేను రోజుల బెట్ట తర్వాత పెద్ద వాన పడింది. మర్నాడు ఎండ కాసిన రెండు మూడు గంటల్లోనే అక్కడొకటి ఇక్కడొకటి మొక్కలు తలలు వాల్చేశాయి. ఆకు మీద మచ్చ లేదు, పసుపు లేదు. ఇన్ని నీళ్లుండగా మొక్క ఎందుకు తీసుకోలేకపోతోంది? వడలు తెగులనుకుని మందు పోయాలా?

జవాబు (వేరు–దారువు):
ముందు ఒక మొక్క పీకి మొదలును నిలువునా చీల్చండి. లోపల గోధుమ రంగు చారలుంటే శిలీంధ్రం తెచ్చే వడలు తెగులు. తెల్లగా ఉంటే పారావిల్ట్, అంటే శిలీంధ్రం లేకుండానే మొక్క వాడిపోవడం.

నీటిని పైకి గుంజేది ఆకు. ఆకు రంధ్రాల్లోంచి ఆవిరి పోతుంటే ఆ లాగుడు దారువు (వేరు నుంచి ఆకుకు నీరు మోసే కణజాలం) గొట్టాల్లోని తెగని నీటి ధార వెంట వేరు దాకా దిగుతుంది. గొట్టాలు నిర్జీవమే, కానీ వేరులో అంతశ్చర్మం (దారువును చుట్టి ఉండే లోపలి కణాల వరస) దగ్గర కణగోడల సందు దారి మూసి ఉంటుంది. అక్కడ నీరు బతికున్న కణాల్లోంచే దాటాలి. మట్టి సందుల్లో నీళ్లు నిండితే ఆ కణాలకు గాలి అందదు, ఎందుకంటే నీళ్లలో ఆక్సిజన్ గాలిలో కన్నా సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని కణంలో ఆమ్లత్వం పెరిగి, దాని పొరలోని నీటి ద్వారాలు మూసుకుపోతాయి. మబ్బున్నంతసేపు ఇది బయటపడదు. ఎండ రాగానే ఆకు ఖర్చుకు వేరు రాబడి చాలదు.

జవాబు (చేను వైద్యం):
మొదటి పని కాలువ తీసి నీళ్లు బయటికి పంపడం. వాడాయని మళ్లీ తడి పెడితే మొక్క దక్కదు. 10 లీటర్ల నీటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ 25 గ్రాములు, యూరియా 200 గ్రాములు కలిపి, వాడిన మొక్కలకూ పక్క మొక్కలకూ మొదళ్లు తడిసేలా పోయండి. అణగారిన వేళ్లకు కుళ్లు పట్టకుండా రాగి మందు, వానకు కొట్టుకుపోయిన నత్రజనికి యూరియా.

వాడిపోవడం కనిపించిన కొన్ని గంటల్లోపే అయితే కోబాల్ట్ క్లోరైడ్ పిచికారీ కూడా పనిచేస్తుంది, లీటరుకు 10 మిల్లీగ్రాములు.

రేగడి చేను:
10 మిల్లీగ్రాములు తూచేదెలా అండీ? అసలు వేళ్ల జబ్బుకు ఆకు మీద కొట్టడం దేనికి?

వేరు–దారువు:
1 గ్రామును లీటరు నీటిలో కరిగించి, ఆ ద్రావణం 15 లీటర్ల ట్యాంకుకు 150 మిల్లీలీటర్లు పోయండి. కోబాల్ట్ క్లోరైడ్ విషం, చేతి తొడుగులు తప్పనిసరి.

గాలి అందని వేరులో ఇథిలీన్‌కు (మొక్కలో హార్మోన్‌గా పనిచేసే వాయువు) ముడిసరుకు పోగవుతుంది, అది దారువు నీటితోనే ఆకుకు చేరి అక్కడి గాలితో ఇథిలీన్‌గా మారుతుంది. ఆకు, పిందె రాలేది దానివల్లే. కోబాల్ట్ ఆ మార్పును ఆకులోనే ఆపుతుంది. ఆకులు ఎండి పెళుసెక్కాక కొట్టినా వృథా.