పాత జీపు ముందు అద్దం: రెండుసార్లు మార్చినా అదే మూల పగిలింది

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మాది మహీంద్రా ఎంఎం 540, నాన్నగారు 1989లో కొన్నది. పోయిన వేసవిలో ముందు అద్దం మార్పించాను. ఇరవై రోజులు తిరగకముందే కుడివైపు కింది మూల నుంచి సన్నని గీత బయలుదేరి, వారంలో డ్రైవరు కళ్లకు అడ్డంగా వచ్చేసింది. రాయి తగిలిన గుర్తు లేదు. అద్దం నాసిరకం అనుకొని ఇంకో దుకాణంలో మళ్లీ వేయించాను. అది నెలన్నర నిలిచింది. పగిలింది మాత్రం అదే మూల. ఇప్పుడు మూడోది కొనాలి. డబ్బు సంగతి అలా ఉంచితే, నాన్నగారు ఇప్పటికీ రోజూ ఈ బండి మీదే తోటకు వెళతారు. పగిలిన అద్దం వెనక ఆయన కూర్చుంటే నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

నల్లమలదారి:
రెండుసార్లూ ఒకే మూల అంటే ఫ్రేమును అనుమానించాలండి. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గీత మీద గోరు ఆనించి అది మొదలైన చోటు దాకా జరపండి. రాయి దెబ్బ అయితే ఎక్కడో గోరు దిగే గుంట, దాని చుట్టూ చిన్న పగుళ్లు ఉంటాయి. గుంట లేకుండా గీత నేరుగా రబ్బరు కిందికి దూరిపోతే, అంచు దగ్గర ఏదో ఒత్తుతోందని అర్థం. నా సీజే 3బీ జీపులో రబ్బరు ఊడదీసి చూస్తే, కింది గాడిలో ఇనుము పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. ఒకచోట బియ్యపు గింజంత తుప్పు బొడిపె. అద్దం బరువంతా దాని మీదే. అక్కడి నుంచే పగిలింది.

రబ్బరు తీశాక ఫ్రేమును మూల నుంచి మూలకు టేపుతో కొలవండి. రెండు ఐమూల కొలతలూ సమానంగా రావాలి. తేడా వస్తే ఫ్రేము వంకరపోయినట్లే. అది సరిచేయకుండా ఎన్ని అద్దాలు వేసినా దండగ.

పాడేరుఘాట్:
నేను వంజంగి కొండకు పర్యాటకులను తీసుకెళ్లే జీపు నడుపుతాను. ఆ దారిలో మా బండి ఎంత ఊగుతుందో చూసినవాళ్లకు తెలుసు. అన్నగారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. ఈ జీపుల్లో అద్దం ఫ్రేము ముందుకు వాలేలా కింద రెండు బందుల మీద నిలబడుతుంది. ఒక బందు బోల్టు బిగువుగా, రెండోది వదులుగా ఉంటే, గుంతలో చక్రం పడిన ప్రతిసారీ ఫ్రేము మెలిపడుతుంది. బందుల పిన్నులు అరిగిపోయాయేమో, ఫ్రేము కింద వేసే రబ్బరు పట్టీ ఉందో లేదో చూడండి. పై గుడారం పట్టీలు ఒక పక్క మరీ లాగి కట్టినా ఫ్రేము పైభాగం వెనక్కి గుంజుకుంటుంది. నా బండిలో కారణం అదే. పట్టీలు రెండు పక్కలా సమంగా కట్టడం మొదలుపెట్టాక అద్దం జోలికి పోవాల్సిన అవసరం రాలేదు.

జిప్సీ1996:
జీపు అద్దం ఎలాగూ చదునైనదే కదా, టఫెండ్ గ్లాసు, అంటే వేడిచేసి గట్టిపరచిన గాజు, కోయించి వేస్తే సరిపోదా? ధర తక్కువ, గట్టిదనం ఎక్కువ. మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు అలాగే వేశారు.

గాజుపని:
దయచేసి ఆ పని చేయకండి. ఇరవై ఏళ్లకు పైగా ఈ వృత్తిలో ఉన్నాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. టఫెండ్ గ్లాసు పగిలితే ఒక్క క్షణంలో మొత్తం చిన్న చిన్న పలుకులైపోతుంది. వేగంగా వెళుతుండగా ఒక రాయి తగిలిందంటే ఎదురుగా దారే కనిపించదు, పలుకులు ఒళ్లో రాలతాయి. ల్యామినేటెడ్ అద్దంలో రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా గాజు ఆ పొరను అంటిపెట్టుకునే ఉంటుంది, ఇంటిదాకా చూసుకుంటూ రావచ్చు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన కూడా, మీ బండి తరవాతి కాలంలో తయారైన వాహనాలకు ముందు అద్దం ల్యామినేటెడ్‌దే ఉండాలంటుంది. వెలుతురు కనీసం 70 శాతం లోపలికి రావాలి, కాబట్టి నల్లరంగు గాజు అడగవద్దు. కొనేటప్పుడు మూలలో ఐఎస్ఐ గుర్తు చూడండి. వాహనాల గాజుకు వర్తించే ప్రమాణం ఐఎస్ 2553, రెండో భాగం.

ఇంకొకటి, టఫెండ్ గ్లాసును ఒకసారి తయారయ్యాక కోయలేరు. కొలత రెండు మిల్లీమీటర్లు తప్పినా పారేయాల్సిందే. ల్యామినేటెడ్‌ను రెండు వైపులా గీత గీసి విరిచి, మధ్య పొరను బ్లేడుతో కోయవచ్చు.

గోదారిగట్టు గారూ, కొలత పాత అద్దం నుంచి తీసుకోకండి. ఫ్రేము సరిచేసి, రంగు వేసి ఆరాక, దానికి అట్ట అమర్చి మూలల గుండ్రంతో సహా గీయండి. కొత్త రబ్బరును అడ్డంగా కోసి చూస్తే గాజు గాడికీ ఇనుము గాడికీ మధ్య ఒక గోడ కనిపిస్తుంది. ఆ గోడ మందం ఎంతో, అట్ట మీద నాలుగు పక్కలా అంత తగ్గించాలి. గాజు ఏ చోటా ఇనుముకు తగలకూడదు. కోసిన అంచును సానరాయితో నున్నగా రుద్దమని దుకాణంలో చెప్పండి. అంచు మీద పంటి గాటంత పెచ్చు లేచి ఉన్నా, రేపటి పగులు అక్కడే పుడుతుంది.

జిప్సీ1996:
అర్థమైందండి, మావాళ్లకు ఈరోజే చెబుతాను. అద్దం ఎక్కించడంలో మాత్రం నాకు అనుభవం ఉంది. రబ్బరును ముందు గాజుకు చుట్టూ తొడగాలి. కొత్త రబ్బరును కాసేపు ఎండలో ఉంచితే మెత్తబడుతుంది. పొడవు సరిగ్గా కోయకుండా ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంచి ఒత్తి దూర్చండి, లేకపోతే ఏడాదికల్లా కుంచించుకుపోయి అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. తరవాత ఫ్రేము పట్టే గాడిలో చుట్టూ సన్నని నైలాన్ తాడు దూర్చి, రెండు కొసలూ కింద మధ్యలో ఒక జానెడు ఒకదాని మీద ఒకటి వచ్చేలా బండి లోపలికి వదలాలి. సబ్బునీళ్లు రాసి బయటినుంచి ఒకరు అరచేతులతో ఒత్తుతుంటే, లోపల ఒకరు తాడు లాగుతూ పోవాలి. గ్రీజు, కిరోసిన్ వాడకండి, రబ్బరు ఉబ్బిపోతుంది.

గోదారిగట్టు:
పదిహేను రోజుల తరవాత రాస్తున్నాను. మీరంతా చెప్పినట్లే జరిగింది. ఐమూల కొలతల్లో 9 మిల్లీమీటర్ల తేడా! కుడి బందు పిన్ను అరిగిపోయి చేత్తో ఊపితే కదులుతోంది. కింది గాడిలో తుప్పు మీద ఎవరో పుట్టీ పూసి రంగు వేసేశారు, స్క్రూడ్రైవరు పెడితే లోపలికి దిగిపోయింది. టింకరింగ్ మేస్త్రి రెండు అంగుళాల మేర కొత్త రేకు అతికి, ఫ్రేము సరిచేశారు. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, తరవాత రంగు.

ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందు మొదలుపెట్టాం. బయట నేను, లోపల మా చెల్లెలు. తాడు లాగుతుంటే రబ్బరు పెదవి ఫ్రేము అంచును దాటి లోపలికి టప్ టప్‌మంటూ వచ్చి కూర్చుంటుంది. ఆ శబ్దం వినడానికి ఎంత బాగుందో. కింది అంచు, రెండు పక్కలూ సులువుగానే వచ్చాయి. పైన చివరి మూల దగ్గర తాడు బిగుసుకుపోయింది. బలంగా లాగితే రబ్బరు చిరిగేలా ఉంది. ఆపి, సబ్బునీళ్లు మళ్లీ పోసి, ఎదురు మూలను బయటినుంచి ఒత్తి పట్టుకుంటే జారింది.

నీళ్ల పైపు పెట్టి చూస్తే ఎడమవైపు పై మూలలో ఒక్కొక్క చుక్క కారుతోంది. సిలికాన్ పూయమంటారా?

గాజుపని:
వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ వద్దు. అది ఇనుముకు తుప్పు పట్టిస్తుంది, మీరు ఇంత శ్రమపడి చేసిన ఫ్రేము పాడవుతుంది. వాహనాల అద్దాల కోసమే వచ్చే, గట్టిపడని సీలెంటు తీసుకోండి. బయటివైపు పెదవిని చెక్క పుల్లతో ఎత్తి ఆ మూలలో జానెడు మేర దూర్చితే చాలు. పొరపాటున ఇనుప ముక్క వాడవద్దు. నీళ్లు లోపల నిలిస్తే అద్దం అంచున మధ్య పొర పాలు పట్టినట్లు తెల్లబడుతుంది, కాబట్టి ఆలస్యం చేయకండి.

పాడేరుఘాట్:
వైపరు బ్లేళ్లు కూడా కొత్తవి వేయండి అన్నగారూ. పాతవాటి రబ్బరు పోయి రేకు తగిలిందంటే మొదటి వానకే అద్దం మీద విల్లులా గీత పడుతుంది.

గోదారిగట్టు:
బ్లేళ్లు మార్చాను, సీలెంటు దూర్చాను. నిన్న రాత్రి గట్టి వాన పడింది. బండి ఆరుబయటే ఉంది. పడుకునే ముందు ఎడమ మూల కింద, డాష్‌బోర్డు మీద ఒక వార్తాపత్రిక పరిచి వచ్చాను. పొద్దున తీసి చూస్తే పొడిగా ఉంది.