కొత్తగా గిటార్ నేర్చుకునేవారి ఎడమచేతి బొటనవేలు ఎక్కడ ఉండాలి?

కొత్తతీగ: స్టీల్ తీగల గిటార్ నేర్చుకుంటున్నాను. బొటనవేలు నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ భాగం) వెనుక మధ్యలోనే ఉండాలని మా మాస్టారు అంటున్నారు, కానీ వీడియోల్లో చాలామంది దాన్ని పై అంచు దాటించి పెడుతున్నారు. ఏది సరైనదో దయచేసి చెప్పండి.

నైలాన్‌తీగ: మీ మాస్టారు చెప్పినదే సరైనది. బొటనవేలు దాదాపు మధ్యవేలికి ఎదురుగా ఆనుకుని ఉంటే అరచేయి నెక్‌కు తగలదు, వేళ్లు వంగి కొసలతో తీగను నొక్కుతాయి, చిటికెనవేలు నాలుగో ఫ్రెట్‌ను (నెక్ మీది అడ్డ లోహపు గీతను) సులువుగా అందుకుంటుంది. బొటనవేలు పైకి పాకితే, చూపుడువేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా ఆనించి పట్టే ఎఫ్ బార్ కార్డులో (కార్డు అంటే కలిసి మోగే స్వరాల పట్టు) ఆ వేలు ఆరు తీగల మీదా సమంగా పడదు. ఇతర చోట్ల నేర్చుకుని వచ్చినవారికి ఈ అలవాటు మాన్పించడానికే నా సమయమంతా పోతోంది.

పల్లవిచరణం: మీరు చెప్పేది క్లాసికల్ గిటార్ పద్ధతి. నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర ఆ గిటార్ నెక్ వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు, స్టీల్ తీగల గిటార్‌కు సుమారు 43 మాత్రమే. ఆ సన్నని నెక్ మీద అమెరికన్ రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ బార్ కార్డుల్లో అన్నిటికన్నా మందమైన ఆరో తీగను బొటనవేలితోనే నొక్కేవారు. డి కార్డులో మోగకూడని ఆరో తీగను కూడా బొటనవేలి కొసతో తాకి ఆపవచ్చు. నా చిన్నప్పటి గురువు బొటనవేలు పైకి కనిపించిన ప్రతిసారీ పెన్సిల్‌తో కొట్టేవారు. ఆ భయంతోనే నేను చాలాకాలం గిటార్ ముట్టలేదు.

నైలాన్‌తీగ: కుడిచెయ్యి ఐదు తీగలనే మీటితే ఆరో తీగను ఆపాల్సిన పనే ఉండదు.

పల్లవిచరణం: వేగంగా స్ట్రమ్ చేసేటప్పుడు (తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటేటప్పుడు) అది ఎవరికి సాధ్యం?

నైలాన్‌తీగ: సాధన చేసినవారికి సాధ్యం.

మణికట్టు: గిటార్‌ను ఏ తొడ మీద పెట్టుకుంటున్నారో ముందు చెప్పండి. కుడి తొడ మీద నెక్ కిందికి వాలి ఉంటే బొటనవేలు ఎక్కడున్నా మణికట్టు మెలి తిరుగుతుంది.

పల్లవిచరణం: నైలాన్‌తీగ గారూ, ఆదివారం చర్చిలో పాటలకు కార్డులు వాయించాలని వచ్చినవారికి కూడా మీరు పరీక్ష పాఠమే చెబుతున్నారు. వారు ఏం వాయించాలనుకుంటున్నారో ఒక్కసారైనా అడిగారా?

నైలాన్‌తీగ: అడగను. ఏం వాయించాలో తేల్చుకోవడానికి ముందు చెయ్యి అన్నిటికీ సిద్ధంగా ఉండాలి, ఆ బాధ్యత గురువుదే. మొదటి నెలలోనే విద్యార్థి కోరికను బట్టి పద్ధతి మారిస్తే, తర్వాత అతను కోరుకోగల సంగీతం ఎంతో తగ్గిపోతుంది.

పల్లవిచరణం: మన తగాదా బొటనవేలి గురించి కాదన్నమాట. విద్యార్థికి ఏం కావాలో మీరే నిర్ణయిస్తానంటున్నారు, నేను దాన్ని ఒప్పుకోను. ఆ మొదటి నెలలో ఒక్క పాటైనా పూర్తిగా వాయించలేనివారు గిటార్‌ను మూల పెట్టేస్తారు.

కొత్తతీగ: నేను నేర్చుకుంటున్నది చర్చి పాటల కోసమే. కుడి తొడ మీదే పెట్టుకుంటాను. ఎఫ్ దగ్గర రెండో తీగ బరబరమంటోంది, బొటనవేలి మొదట్లో నొప్పి కూడా ఉంది.

పల్లవిచరణం: జి శ్రుతిలో ఉన్న పాటలతో మొదలుపెట్టండి. వాటిలో సాధారణంగా జి, సి, డి, ఈ మైనర్ కార్డులే వస్తాయి కాబట్టి ఎఫ్ అవసరం దాదాపు ఉండదు.

నైలాన్‌తీగ: నొప్పి ఉంటే ముందు ఆపి విశ్రాంతి ఇవ్వండి. మీరు బొటనవేలితో నెక్‌ను గట్టిగా పిండుతున్నట్టున్నారు. ఎఫ్ పట్టి, బొటనవేలిని క్షణకాలం పూర్తిగా తీసి, చేతి బరువుతోనే తీగలు మోగుతాయేమో చూడండి. ఆ తర్వాత దాన్ని నెక్ వెనుక మధ్యలోనే తేలికగా ఆనించండి.

పల్లవిచరణం: మధ్యలోనే కానక్కరలేదు. కొంచెం పైకి జరిపి కూడా చూడండి.