తలకోనకి జేబు కెమెరానా, లెన్సులు మార్చేదా?

ప్రశ్న: తిరుపతి నుంచి బస్సులోనే తలకోన, చంద్రగిరి కోట తిరుగుతా. జేబు కెమెరా సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 మేలా, 16-50 కిట్ లెన్సుతో (కెమెరాతో పాటే వచ్చేది) లెన్సులు మార్చే సోనీ ఏ6400 మేలా? జలపాతం పాలనురుగులా రావాలి.

జవాబు: దానికి షట్టర్ అర సెకను నుంచి 1 సెకను తెరిచి ఉండాలి. చెట్ల నీడలో ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే స్థాయి) 100కి తగ్గించి, లెన్సు రంధ్రం ఎఫ్11కి చిన్నది చేసినా 1/8 సెకను దగ్గరే ఆగుతుంది. ఎన్‌డీ8 (వెలుగుని ఎనిమిదో వంతుకి తగ్గించే నల్ల ఫిల్టర్) వేస్తే 1 సెకను వస్తుంది. మార్క్ 7లో ఎన్‌డీ లేదు, ఫిల్టర్ బిగించే మర కూడా లేదు; అడాప్టర్ అతికించాలి. 16-50కి 40.5 మి.మీ. ఫిల్టర్ నేరుగా పడుతుంది. ట్రైపాడ్ రెండిటికీ తప్పదు.

జవాబు: ఏ6400 సెన్సర్ (బొమ్మని పట్టే చిప్) మూడు రెట్లు పెద్దదని మురిసిపోవద్దన్నా. కిట్ లెన్సు ఎఫ్3.5-5.6, మార్క్ 7ది ఎఫ్2.8-4.5; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. చివరికి ఏ6400కి మిగిలే లాభం ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుగు. పైగా మార్క్ 7 జూమ్ ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 200 మి.మీ. దాకా పోతుంది. ముందుముందు 35 మి.మీ. ఎఫ్1.8 లెన్సు కొనకపోతే ఏ6400 దండగ.

జవాబు: తుంపర్లలో లెన్సు మార్చొద్దు. సెన్సర్ మీద దుమ్ము పడితే ఎఫ్16లో ఆకాశం మీద నల్లచుక్క. బ్లోయర్ (గాలి ఊదే రబ్బరు బుడగ) వాడు, నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది. జేబు కెమెరాలో దుమ్ము దూరిందంటే విప్పించాల్సిందే. అన్నట్టు, తిరుమల గుడిలోకి ఏ కెమెరానీ రానివ్వరు.

ప్రశ్న వేసినవారు: సరే, ఏ6400, ఎన్‌డీ8. 35 సంగతి సంక్రాంతికి చూస్తా.