బాబాయి రాసిచ్చిన న్యూజెర్సీ ఎడిసన్ ఇంటి మీద స్టేట్ లీన్ (టాక్స్ బాకీకి ఆస్తి మీద ప్రభుత్వానికుండే హక్కు) ఉందంటున్నారు, ఎవరికైనా తెలుసా?

సెంట్రల్‌జెర్సీ_తెలుగు:
అందరికీ నమస్తే. మా బాబాయి కిందటేడు చనిపోయారు, పిన్ని అంతకుముందే పోయింది, వాళ్ళకి పిల్లల్లేరు, ఎడిసన్‌లో ఇల్లు విల్లులో నా పేరున రాశారు. అమ్ముదామని కొనేవాళ్ళని చూసుకుని తీరా క్లోజింగ్ (అమ్మకం పూర్తిచేసే) దగ్గరకొచ్చాక, ఇంటి హక్కులు సరిచూసే టైటిల్ కంపెనీ వాళ్ళు, ఇన్హెరిటెన్స్ టాక్స్ వేవర్ (ఈ టాక్స్ విషయంలో ఆస్తిని వదిలేస్తున్నట్టు స్టేట్ ఇచ్చే కాగితం) లేదు కాబట్టి ఇంటి మీద లీన్ ఉన్నట్టే అని ఆపేశారు. కౌంటీ రికార్డుల్లో చూస్తే లీన్ అని ఏమీ లేదు, నాకు నోటీసూ రాలేదు. న్యూజెర్సీలో ఈ టాక్స్ 2018లో తీసేశారు కదా?

టైటిల్_పని:
తీసేసింది చనిపోయినవాళ్ళ మొత్తం ఆస్తి మీద వేసే ఎస్టేట్ టాక్స్ అండి, ఎవరికొచ్చిందో చూసి వేసే ఇన్హెరిటెన్స్ టాక్స్ వేరే, అది ఇంకా ఉంది. ఈ లీన్‌ని ఎవరూ రికార్డ్ చెయ్యక్కర్లేదు, మనిషి చనిపోయిన రోజు నుంచే 15 ఏళ్ళు ఆస్తిని పట్టుకునుంటుంది. భార్యకి, పిల్లలకి ఐతే క్లాస్ ఏ, టాక్స్ లేదు. అన్న కొడుకు వాళ్ళ లెక్కలో క్లాస్ డీ, అంటే స్నేహితుడితో సమానం, ఏడు లక్షల డాలర్ల దాకా 15 శాతం, పైన 16. ఇల్లు ఐదు లక్షలనుకుంటే 75 వేలు. 8 నెలల్లో కట్టకపోతే ఏడాదికి 10 శాతం వడ్డీ కూడా.

సెంట్రల్‌జెర్సీ_తెలుగు:
75 వేలా! ఫ్రెండ్‌తో సమానమంటే చాలా బాధగా ఉందండి. నాన్న పోయాక నాకు ఎనిమిదేళ్ళప్పుడు బాబాయే తెచ్చి పెంచారు, స్కూల్ ఫారాల్లో సంతకాలు, కాలేజీ ఫీజులు, నా పెళ్ళి పీటల మీద కన్యాదానం పుచ్చుకునేటప్పుడు నా పక్కన కూర్చుంది కూడా ఆయనా పిన్నే. దత్తత కాగితాలు మాత్రం లేవు.

మిడిల్‌సెక్స్_అక్క:
ఆగు తమ్ముడూ, ఇదే అసలు పాయింట్, ముందే చెప్పాల్సింది. దత్తత లేకపోయినా 15వ పుట్టినరోజు లోపు మొదలై ఆ తర్వాత కనీసం పదేళ్ళు ఆగకుండా తల్లిదండ్రీ బిడ్డల్లా బతికితే, ఇద్దరూ అలాగే ఒప్పుకుని ఉంటే, ఆ బిడ్డని కూడా జెర్సీ చట్టం క్లాస్ ఏలోనే పెడుతుంది. మామూలు పిల్లల్లా చిన్న అఫిడవిట్‌తో పనవదు, ఐటీ-ఆర్ అనే ఇన్హెరిటెన్స్ టాక్స్ ఫుల్ రిటర్న్ వేసి రుజువులు జత చెయ్యాలి. స్కూల్ రికార్డులు, ఇన్సూరెన్స్‌లో డిపెండెంట్‌గా నీ పేరు, ఆయన పాత టాక్స్ రిటర్నులు, పక్కింటివాళ్ళ అఫిడవిట్లు, ఏది దొరికితే అది తీసిపెట్టు. ఎస్టేట్ లాయర్ లేకుండా మాత్రం వెయ్యకు.

టైటిల్_పని:
అక్క చెప్పింది కరెక్ట్. కొనేవాళ్ళు వెళ్ళిపోతారని భయముంటే, టాక్స్‌కి సరిపడా డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి దగ్గర) ఉంచి క్లోజ్ చెయ్యడానికి మీ టైటిల్ కంపెనీ ఒప్పుకుంటుందేమో ఇవాళే అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. వేవర్ వచ్చాక ఆ డబ్బు మీకు వదిలేస్తారు.

గుంటూరు_టు_జెర్సీ:
మరి ఊళ్ళో పొలం నాన్న పేరు మీదుంది, అక్కడ కూడా ఇలాంటిదేమైనా ఉందా?

మిడిల్‌సెక్స్_అక్క:
లేదండి, ఇండియాలో ఎస్టేట్ డ్యూటీ 1985 మార్చి 16 నుంచి పోయింది. ఆయన ఇన్‌కమ్ టాక్స్ బాకీ ఏమన్నా ఉంటే మాత్రం వచ్చిన ఆస్తి విలువ మేరకి వారసుల్ని అడుగుతారు, అది చూసుకోండి.