బాయిలర్ షటాఫ్ వాల్వ్ కారుతోంది, పొద్దున్నుంచీ ఇదే పని

బేస్‌మెంట్‌బాధలు:
పొద్దున్నుంచీ బేస్‌మెంట్‌లోనే ఉన్నాను. ఫర్నేస్ దగ్గర షటాఫ్ వాల్వ్ కారుతోంది. చుట్టూ టెఫ్లాన్ టేప్ గట్టిగా చుట్టాను, ఆగలేదు. ఇంకో రోలు చుట్టాను, అంతే సంగతి. కింద పెట్టిన పెరుగు డబ్బా గంటకోసారి నిండుతోంది. ఇక్కడ న్యూజెర్సీలో ఆదివారం ప్లంబర్‌ని పిలిస్తే గడప తొక్కినందుకే బిల్లు. ఈ చలిలో హీటింగ్ ఆపాలంటే భయం. వాల్వ్ మొత్తం మార్చాలా? త్వరగా చెప్పండి.

రెండుపానాలు:
ఎక్కడ కారుతోంది? హ్యాండిల్ కిందా, పైపు అతుకు దగ్గరా?

ఫర్నేస్‌కాదు:
ఫర్నేస్ అంటే గాలిని వేడి చేసి గొట్టాల్లోకి ఊదేది. గోడ వారన బేస్‌బోర్డులు ఉండి, వాటిలో వేడినీళ్ళు తిరుగుతుంటే అది బాయిలర్. ఇక్కడ సగం మంది రెండిటినీ కలిపేస్తారు, తర్వాత తప్పు పార్టు కొంటారు. షటాఫ్ అన్నారు, గ్యాస్‌దా నీళ్ళదా చెప్పలేదు. పెరుగు డబ్బా నిండిందంటే నీళ్ళే అనుకుంటున్నాను.

బేస్‌మెంట్‌బాధలు:
నీళ్ళే అండీ. సరే, బాయిలరే. ఎర్ర గుండ్రటి హ్యాండిల్. దాని కిందే తడి.

రెండుపానాలు:
గేట్ వాల్వ్. ప్యాకింగ్ నట్ బిగించండి. చుట్టులో ఎనిమిదో వంతు.

బేస్‌మెంట్‌బాధలు:
ఏ నట్? మూడు కనిపిస్తున్నాయి.

ఎంసీల్‌అన్న:
అన్నా, తుడిచి ఎం-సీల్ పెట్టెయ్. మా హైదరాబాద్‌లో సోలార్ హీటర్ లైన్లకి అదే.

గ్లాండ్‌దారం:
స్పిండిల్ మీద, అంటే హ్యాండిల్‌తో తిరిగే కడ్డీ మీద, ఎం-సీల్ పెడితే రేపు అవసరానికి వాల్వ్ మూయలేరు. లోపల ఒత్తిడి ఉండగా తడి ఇత్తడికి అది అతుక్కోదు కూడా. టెఫ్లాన్ టేప్ కూడా అంతే, పైపు మరల (థ్రెడ్ల) మధ్య పని చేస్తుంది గానీ బయట కట్టు కట్టినట్టు చుడితే నీళ్ళు దాని కింద నుంచి వస్తాయి. ముందు అది విప్పెయ్యండి.

మూడు నట్లలో పైన ఉన్న చిన్నది హ్యాండిల్‌ని పట్టుకునేది. దాని కింద, స్పిండిల్ ఏ నట్ మధ్యలోంచి వస్తోందో అదే ప్యాకింగ్ నట్. ఇంకా కిందున్న పెద్దది బానెట్, వాల్వ్ మూత. దాన్ని మాత్రం తిప్పొద్దు, అది ఊడితే 180 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్ళు మీ చేతి మీదే.

ఒక పానాతో బానెట్‌ని కదలకుండా పట్టుకోండి. రెండోదానితో ప్యాకింగ్ నట్‌ని గడియారం వైపు ఎనిమిదో వంతు తిప్పండి. తుడిచి, పది నిమిషాలు ఆగి, టిష్యూ అద్ది చూడండి. తడిస్తే ఇంకో ఎనిమిదో వంతు. మొత్తం మీద అర చుట్టు దాటొద్దు. అతిగా బిగిస్తే పాత ఇత్తడి నట్ చీలుతుంది, లేదా స్పిండిల్ బిగుసుకుపోతుంది.

ఇంతకీ ఈ మధ్య ఆ హ్యాండిల్ ఎవరైనా తిప్పారా?

బేస్‌మెంట్‌బాధలు:
నిన్న జోన్ వాల్వ్ (ఇంట్లో ఒక్కో భాగానికి వేడినీళ్ళు వదిలేది) మోటార్ మార్చడానికి దీన్ని మూసి, మళ్ళీ తెరిచాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

రెండుపానాలు:
ఇది మొదటే చెప్పాల్సింది.

గ్లాండ్‌దారం:
ఉంది. నీళ్ళు రాకుండా ప్యాకింగ్ నట్ లోపల స్పిండిల్ చుట్టూ దారం చుట్టి ఉంటుంది. ఏళ్ళ తరబడి కదలని వాల్వ్‌లో అది ఎండి గట్టిపడుతుంది. స్పిండిల్‌కి పట్టిన తుప్పు, పొక్కులు తిప్పగానే దాన్ని గీరేస్తాయి. వాల్వ్ చెడలేదు, దారం అరిగింది.

బిగించినా ఆగకపోతే ఆ గ్లాండ్ దారం మార్చాలి. బాయిలర్ ఎర్ర స్విచ్ ఆపి, నీళ్ళు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి చల్లారనివ్వాలి. చన్నీళ్ళు వచ్చే వాల్వ్ మూసి, అడుగునున్న డ్రెయిన్‌కి హోస్ తగిలించి గేజ్ ముల్లు సున్నాకి వచ్చేదాకా వదలాలి. అప్పుడు కూడా పై అంతస్తు పైపుల్లో కొంత నీరు మిగిలి ఉంటుంది, బకెట్ పెట్టుకోండి. నట్ పైకి లేపి పాత దారం చిన్న స్క్రూడ్రైవర్‌తో తవ్వేసి, గ్రాఫైట్ దారం నట్ బిగిసే దిక్కులోనే రెండు మూడు చుట్లు చుట్టాలి. ఎదురు చుడితే బిగిస్తున్నప్పుడు పైకి లేచిపోతుంది.

తర్వాత నీళ్ళు నింపి, గాలి తీసి, అప్పుడే స్విచ్ వేయాలి. నీళ్ళు లేకుండా వెలిగిస్తే బాయిలరే పోతుంది.

పాతఇల్లు:
1980కి ముందు కట్టిన ఇల్లయితే పైపుల మీద తెల్లటి పిండికట్టులాంటి ఇన్సులేషన్ ఉందేమో చూసుకోండి. ఆస్‌బెస్టాస్ కావచ్చు. గీకొద్దు.

రెండుపానాలు:
గ్లాండ్ కాదు, ప్యాకింగ్.

గ్లాండ్‌దారం:
నట్‌ని గ్లాండ్ అన్నా ప్యాకింగ్ నట్ అన్నా మనవాళ్ళకి ఒకటే. స్పిండిల్, స్టెమ్ కూడా అంతే.

రెండుపానాలు:
షాపులో అడిగేటప్పుడు ఒకటి కాదు. అమెరికాలో గ్లాండ్ దారం అంటే ఎవడికీ అర్థం కాదు. ప్యాకింగ్ స్ట్రింగ్ అనాలి.

ఫర్నేస్‌కాదు:
పదాల గొడవ ఆపండి. గేజ్ ఎంత చూపిస్తోందో ఒక్కరూ అడగలేదు. ప్రెషర్ ఎంతండీ?

బేస్‌మెంట్‌బాధలు:
26. మంచిదేనా?

ఫర్నేస్‌కాదు:
కాదు. రెండంతస్తుల ఇంటికి చల్లగా ఉన్నప్పుడు 12 పీఎస్ఐ, వేడెక్కితే 20 లోపు ఉండాలి. 30కి ఒత్తిడి వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది. మీరు అంచు మీద ఉన్నారు. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు చూడండి, పైపుకి వేలాడే చిన్న సిలిండర్. దాని అడుగున సైకిల్ ట్యూబ్‌లాంటి వాల్వ్ ఉంటుంది. పిన్ నొక్కితే గాలి రావాలి. నీళ్ళొస్తే లోపలి రబ్బరు చిరిగినట్టే, ట్యాంకు మార్చాలి. గాలి వస్తే దాని ఒత్తిడి 12 ఉందా అని టైర్ గేజ్‌తో చూడండి, కానీ నీళ్ళ వైపు ఒత్తిడి తీసేశాకే. లేకపోతే ఆ అంకె అబద్ధం.

ఇంకోటి. కారినంత కొత్త నీరు లోపలికి వస్తుంది, దాంతో ఆక్సిజన్ వస్తుంది. కాస్ట్ ఐరన్ బాయిలర్, పంపు లోపల తుప్పుకి అదే మొదలు. నీళ్ళు గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ వేసిన సిస్టమ్ అయితే ఉత్త నీళ్ళు కలిపితే అది పలచబడుతుంది. కారే నీటికి రంగు ఉందా?

బేస్‌మెంట్‌బాధలు:
రంగేమీ లేదు. వాల్వ్ కోసి షార్క్‌బైట్ (పైపు మీదికి నొక్కితే పట్టుకునే రకం) బాల్ వాల్వ్ వేస్తే ఈ బాధే ఉండదు కదా?

గ్లాండ్‌దారం:
దాని పరిమితి 200 డిగ్రీలు, మీ నీళ్ళు 180. పని చేస్తుంది. కానీ రాగి పైపు అంచు శుభ్రంగా లేకపోతే ఓ-రింగ్ తెగుతుంది. చవగ్గా పోయేదానికి పైపు కోయడం ఎందుకు?

రెండుపానాలు:
ముందు నట్ తిప్పండి మహానుభావా.

బేస్‌మెంట్‌బాధలు:
రెండుసార్లు ఎనిమిదో వంతు తిప్పాను. రెండు గంటలైంది, టిష్యూ పొడిగానే ఉంది. థాంక్స్ అండీ అందరికీ.

ఫర్నేస్‌కాదు:
ట్యాంకు పిన్ నొక్కారా? గేజ్ ఇప్పుడెంత?

ఇంకోబాయిలర్:
మాదీ ఇలాగే కారుతోంది, కానీ పసుపు లీవర్ ఉన్న బాల్ వాల్వ్. దానికి కూడా ప్యాకింగ్ నట్ ఉంటుందా?

రెండుపానాలు:
చాలావాటికి ఉంటుంది. లీవర్ తీసి చూడండి.

ఫర్నేస్‌కాదు:
ట్యాంకు సంగతి ఇంకా చెప్పలేదు.